మొటిమల మచ్చలకు లేజర్.. మాత్రలు వాడుతూ చేయించుకోవచ్చా? డాక్టర్ దగ్గర ఈ ఒక్క విషయం దాచొద్దు!

మొటిమలు తగ్గాయి. కానీ అవి వదిలి వెళ్లిన గుంటలు మాత్రం అద్దంలో చూసుకున్న ప్రతిసారీ కనిపిస్తూనే ఉన్నాయి. ఫోన్ తెరిస్తే చాలు.. 'రెండు సిట్టింగుల్లో ముఖం నున్నగా' అంటూ వీడియోలు. ఇంకోవైపు స్కిన్ డాక్టర్ రాసిన మాత్రల కోర్సు ఇంకా పూర్తి కాలేదు. ఒక క్లినిక్‌లో 'ఆరు నెలలు ఆగి రండి' అంటారు. పక్క వీధిలోని క్లినిక్‌లో 'ఏం పర్లేదు, రేపే చేసేద్దాం' అంటారు. ఎవరి మాట నమ్మాలి?

ఈ ప్రశ్నకు 'అవును', 'కాదు' అని ఒక్క ముక్కలో జవాబు లేదు. మీరు వాడుతున్న మందు ఏది, చేయబోయే లేజర్ ఏ రకం, మీ చర్మం తీరు ఎలాంటిది.. ఈ మూడింటినీ కలిపి చూస్తేనే జవాబు దొరుకుతుంది. ఆ మూడింటి సంగతి ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

ముందు ఇది తేల్చుకోండి.. మచ్చా? గుంటా?

చాలామంది మొటిమ పోయాక మిగిలిన ప్రతి గుర్తునూ మచ్చ అనేస్తారు. డాక్టర్ల లెక్కలో మాత్రం ఇవి రెండు వేర్వేరు సమస్యలు. చర్మం చదునుగానే ఉండి రంగు మాత్రమే మారితే, అంటే ఎర్రగానో, గోధుమ రంగులోనో, నల్లగానో కనిపిస్తే.. అది మొటిమ వదిలిన రంగు గుర్తు. ఇవి చాలావరకు నెలలు గడిచేకొద్దీ వాటంతటవే పలచబడతాయి. సన్‌స్క్రీన్, డాక్టర్ రాసిన క్రీములతో ఇంకాస్త త్వరగా తగ్గుతాయి. వీటికి మొదటి రోజే లేజర్ దాకా వెళ్లాల్సిన పని లేదు.

చర్మం లోపలికి కుంగిపోయి గుంట పడితే మాత్రం అది అసలైన మచ్చ. మొటిమ లోతుగా వాచినప్పుడు చర్మం అడుగున ఉండే కొల్లాజెన్ దెబ్బతింటుంది. ఆ ఖాళీ సరిగా పూడకపోతే పైన గుంట పడుతుంది. క్రీములు రాస్తే ఇది పూడదు. ఇంట్లోనే చిన్న పరీక్ష చేసుకోవచ్చు. కిటికీ పక్కన నిలబడి, వెలుతురు పక్క నుంచి ముఖం మీద పడేలా అద్దంలో చూసుకోండి. గుంట ఉంటే దాని నీడ స్పష్టంగా కనిపిస్తుంది. ఉత్త రంగు గుర్తయితే నీడ పడదు.

గుంటల్లోనూ మూడు రకాలున్నాయి:

• ఐస్ పిక్: సూదితో పొడిచినట్టు సన్నగా, బాగా లోతుగా ఉంటాయి.
• బాక్స్‌కార్: అంచులు నిటారుగా, అడుగు వెడల్పుగా ఉంటాయి. ఆటలమ్మ తగ్గాక మిగిలే మచ్చల్లాంటివి.
• రోలింగ్: అంచులు స్పష్టంగా ఉండవు. చర్మం అలల్లా ఎత్తుపల్లాలుగా కనిపిస్తుంది.

వీటికి తోడు కొందరిలో మచ్చ లోపలికి పోకుండా పైకి ఉబ్బుతుంది. దవడ అంచున, ఛాతీ మీద, భుజాల మీద ఇది ఎక్కువ. వీటిలో గాయాన్ని దాటి పాకే ఉబ్బెత్తు మచ్చల్ని కెలాయిడ్లు అంటారు. ఇంతకుముందు ఎప్పుడైనా కుట్లు వేసిన చోటో, చెవి కుట్టించుకున్న చోటో ఇలా గడ్డలా పెరిగి ఉంటే.. లేజర్‌కు ముందే డాక్టర్‌కు చెప్పి తీరాలి. ఇది చాలా ముఖ్యం.

లేజర్ చర్మంలో ఏం చేస్తుంది?

మచ్చను లేజర్ రబ్బరులా తుడిచేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చేసేది తుడవడం కాదు. కావాలనే చర్మానికి చిన్న గాయం చేయడం. ఆ గాయాన్ని మాన్పుకునే క్రమంలో శరీరం కొత్త కొల్లాజెన్ తయారు చేసుకుంటుంది. ఆ కొల్లాజెనే గుంటను అడుగు నుంచి కాస్త కాస్తగా పైకి నెడుతుంది.

మచ్చలకు ఎక్కువగా వాడే వాటిలో కార్బన్ డయాక్సైడ్ లేజర్ ఒకటి. దీన్ని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మనవాడే. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన శాస్త్రవేత్త సి. కుమార్ పటేల్. ఈ లేజర్ కాంతి తరంగం పొడవు 10,600 నానోమీటర్లు. దీన్ని నీరు బాగా పీల్చుకుంటుంది. మన చర్మంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి, ఈ కాంతి తగిలిన చోట కణజాలం క్షణంలో ఆవిరైపోతుంది.

పాత పద్ధతిలో ముఖం మొత్తం పై పొరను ఒకేసారి తీసేసేవారు. ఫలితం బాగానే ఉండేది కానీ, పచ్చిపుండుగా మారిన ముఖం మానడానికి వారాలు పట్టేది. ఇన్‌ఫెక్షన్, రంగు మారడం, కొత్త మచ్చలు పడటం లాంటి ముప్పులూ ఎక్కువే. 2004లో ఫ్రాక్షనల్ పద్ధతి వెలుగులోకి రావడంతో పరిస్థితి మారింది. ఇందులో లేజర్ కాంతిని కంటికి సరిగా కనిపించనంత చిన్న చుక్కలుగా విడగొడతారు. ఒక్కో చుక్క కింద సన్నని గాయం పడుతుంది. చుక్కకూ చుక్కకూ మధ్య చర్మం చెక్కుచెదరకుండా ఉంటుంది. జల్లెడను గుర్తు చేసుకోండి.. రంధ్రాలున్న చోట గాయం, మధ్యలో ఉన్నదంతా మంచి చర్మం. ఆ మంచి చర్మంలోని కణాలు పక్కకు జరిగి గాయాన్ని త్వరగా మూసేస్తాయి.

ఈ ఫ్రాక్షనల్‌లోనూ రెండు రకాలు. పై పొరను కూడా ఆవిరి చేసేవి ఒక రకం. కార్బన్ డయాక్సైడ్ లేజర్, 2,940 నానోమీటర్ల ఎర్బియం యాగ్ లేజర్ ఈ కోవలోకి వస్తాయి. పై పొరను అలాగే ఉంచి లోపల మాత్రమే వేడి పుట్టించేవి రెండో రకం. 1,550 నానోమీటర్ల ఎర్బియం గ్లాస్ లేజర్ ఇలాంటిదే. మొదటి రకంలో ఫలితం ఎక్కువ, కోలుకునే సమయమూ ఎక్కువే. రెండో రకంలో ఇబ్బంది తక్కువ, కానీ సిట్టింగులు ఎక్కువ కావాలి. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. మాత్రల విషయంలో ఇదే కీలకం.

'ఆరు నెలలు ఆగాలి' అన్న మాట ఎక్కడిది?

మొండి మొటిమలకు డాక్టర్లు రాసే బలమైన మందు ఐసోట్రెటినోయిన్. ఇది విటమిన్-ఎ నుంచి వచ్చిన మందు. అమెరికాలో 1982లో దీనికి అనుమతి వచ్చింది. చర్మంలో నూనె తయారు చేసే గ్రంథుల్ని ఇది బాగా కుదించేస్తుంది. అందుకే ఇది వేసుకునేవాళ్లకు పెదాలు ఎండిపోతాయి, చర్మం పొడిబారుతుంది, కొందరికి ముక్కులోంచి రక్తం కూడా వస్తుంది.

1980ల్లో ఈ మందు వాడుతూ, లేదా ఈమధ్యే ఆపి డెర్మాబ్రేషన్ చేయించుకున్న కొందరిలో మామూలుగా రాని చోట్ల కెలాయిడ్లు వచ్చాయి. డెర్మాబ్రేషన్ అంటే తిరిగే యంత్రంతో చర్మాన్ని అరగదీయడం. 1986లో వచ్చిన ఒక నివేదికలో ఇలాంటివాళ్లు ఆరుగురు. 1988లో వచ్చిన మరో నివేదికలో డెర్మాబ్రేషన్, ఆర్గాన్ లేజర్ తర్వాత గాయం ఆలస్యంగా మానినవాళ్లు, కెలాయిడ్లు వచ్చినవాళ్లు ముగ్గురు. సంఖ్య చిన్నదే అయినా ముఖం మీద వ్యవహారం కదా.. వైద్యులు జాగ్రత్తపడ్డారు. మందు వాడుతున్నప్పుడు, ఆపిన తర్వాత కనీసం ఆరు నెలలు లేజర్, డెర్మాబ్రేషన్, వ్యాక్సింగ్ వద్దని మందుతో వచ్చే సమాచార పత్రంలోనే హెచ్చరిక చేరింది. 'ఆరు నెలలు' అన్న మాట పుట్టింది ఇక్కడే.

దీని వెనక ఒక కారణమూ చెబుతారు. ముఖం పై పొర మొత్తం పోయినప్పుడు కొత్త చర్మం ఎక్కడి నుంచి వస్తుంది? వెంట్రుక కుదుళ్ల నుంచి, వాటిని అంటిపెట్టుకుని ఉండే నూనె గ్రంథుల నుంచి. సరిగ్గా ఆ గ్రంథుల్నే ఐసోట్రెటినోయిన్ కుదించేస్తుంది. అంటే విత్తనం తక్కువగా ఉన్న నేలలో పంట మొలవాలన్నమాట. గాయం ఆలస్యంగా మానితే మచ్చ పడే అవకాశం పెరుగుతుంది. ఫ్రాక్షనల్ లేజర్‌లో ఈ చిక్కు అంతగా లేదు. ప్రతి చుక్క చుట్టూ మంచి చర్మం ఉండనే ఉంది. గాయం పక్క నుంచే మూసుకుపోతుంది.

మరి ఇప్పుడు ఏమంటున్నారు?

2017లో ఈ విషయంలో పెద్ద మార్పు వచ్చింది. అప్పటిదాకా వచ్చిన 32 అధ్యయనాల్ని, వాటిలోని 1,485 చికిత్సల్ని నిపుణుల బృందం ఒకటొకటిగా పరిశీలించింది. ఆ సమీక్ష జామా డెర్మటాలజీ పత్రికలో అచ్చయింది. అన్ని చికిత్సల్నీ ఒకే గాటన కట్టి ఆరు నెలలు ఆపడానికి తగిన ఆధారాలు లేవని అందులో తేలింది. మన దేశంలోని చర్మ శస్త్రచికిత్స నిపుణుల సంఘం కూడా అదే ఏడాది దాదాపు ఇదే దారిలో మార్గదర్శకాలు ఇచ్చింది.

సులభంగా అర్థమయ్యేలా చెప్పాలంటే:

• వద్దు అన్నవి: ముఖం మొత్తం పై పొర తీసేసే పాత తరహా లేజర్, యంత్రంతో చేసే డెర్మాబ్రేషన్. ఐసోట్రెటినోయిన్ వాడుతున్నప్పుడు, ఆపిన కొత్తలో ఇవి చేయించుకోవద్దు.
• తప్పనిసరిగా ఆలస్యం చేయాలనడానికి ఆధారాలు చాలనివి: ఫ్రాక్షనల్ లేజర్లు (రెండు రకాలూ), లేజర్ హెయిర్ రిమూవల్, పైపైన చేసే కెమికల్ పీల్స్, చేత్తో చేసే డెర్మాబ్రేషన్.
• వ్యాక్సింగ్: మందు పత్రంలో హెచ్చరిక అలాగే ఉంది. పలచబడి పొడిబారిన చర్మం వ్యాక్స్‌తో పాటు ఊడి వచ్చేస్తుంది. పార్లర్‌లో తప్పనిసరిగా చెప్పాలి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినాలి. 'ఆలస్యం చేయాలనడానికి ఆధారాలు చాలవు' అంటే 'ఎవరికైనా, ఎక్కడైనా, ఎంత పవర్‌తోనైనా చేసేయొచ్చు' అని కాదు. అధ్యయనాల్లో చికిత్స చేసింది అనుభవం ఉన్న డాక్టర్లు. పవర్ ఎంత పెట్టాలో, చుక్కలు ఎంత దగ్గరగా వేయాలో వాళ్లకు తెలుసు. చుక్కలు మరీ దట్టంగా వేస్తే మధ్యలో మంచి చర్మమే మిగలదు. పేరుకు ఫ్రాక్షనలే, ఫలితం మాత్రం పాత పద్ధతిలోనే. అందుకే ఇప్పటికీ కొందరు డాక్టర్లు ఆరు నెలలు ఆగమనే అంటారు. అది తప్పు కాదు. ఇంకొందరు తక్కువ పవర్‌తో మొదలుపెడతారు. అదీ తప్పు కాదు. మీ డాక్టర్ ఏ కారణంతో ఆ నిర్ణయం తీసుకున్నారో అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

మాత్రలు మీరే ఆపేయకండి!

లేజర్ కోసం తొందరపడి కొందరు కోర్సు మధ్యలోనే మాత్రలు ఆపేస్తారు. దీంతో రెండు నష్టాలు. ఐసోట్రెటినోయిన్ కోర్సును బరువును బట్టి లెక్కగడతారు. సాధారణంగా మొత్తం మీద కిలో బరువుకు 120 నుంచి 150 మిల్లీగ్రాములు పూర్తయ్యేదాకా వాడిస్తారు. మధ్యలో ఆపితే మొటిమలు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. కొత్త మొటిమలు వస్తే కొత్త గుంటలు. ఒక పక్క లేజర్‌తో పూడ్చుకుంటూ ఇంకో పక్క తవ్వుకున్నట్టే.

అసలు ముఖం మీద పెద్ద మొటిమలు ఇంకా వస్తుండగా మచ్చలకు లేజర్ మొదలుపెట్టడంలో పెద్ద ప్రయోజనం ఉండదు. ముందు మొటిమల్ని అదుపులోకి తేవాలి. ఆ తర్వాతే మచ్చల సంగతి.

మన చర్మానికి అసలు ముప్పు వేరే ఉంది

విదేశీ వీడియోలు చూసి భయపడేవాళ్లు కెలాయిడ్ గురించే ఎక్కువ ఆలోచిస్తారు. మన దగ్గర రోజూ కనిపించే సమస్య మాత్రం రంగు. చామనఛాయ, నలుపు చర్మాల్లో మెలనిన్ చురుగ్గా ఉంటుంది. ఎక్కడ చిన్న గాయమైనా, వేడి తగిలినా అది పోగుపడి నల్లటి మరక వదులుతుంది. దోమ కుట్టిన చోట కూడా నెలల తరబడి నల్లగా ఉండిపోయేది ఇందుకే. లేజర్ వేడికీ చర్మం అలాగే స్పందిస్తుంది. గుంట కోసం వెళితే మరక మిగిలిందని బాధపడేవాళ్లు ఉన్నది ఇందువల్లే.

ఈ మరకలు చాలావరకు తాత్కాలికమే. కానీ పోవడానికి నెలలు పట్టొచ్చు. అందుకే మన చర్మానికి తక్కువ సాంద్రతతో, సిట్టింగుల మధ్య ఎక్కువ విరామంతో చేయడం మంచిదని చెబుతారు. చెవి ముందో, దవడ కిందో చిన్న భాగంలో ముందుగా చేసి చూడటం ఇంకా మంచిది. దీన్ని టెస్ట్ ప్యాచ్ అంటారు. సముద్ర తీరానికి వెళ్లి ముఖం కమిలి వచ్చినా, ఎండలో తిరిగే పని ఉన్నా ఆ విషయం ముందే చెప్పాలి. కమిలిన చర్మం మీద లేజర్ వేయకూడదు.

ఇంకో ముఖ్యమైన విషయం.. తెల్లబడటానికి మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే క్రీములు. వీటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, ఎండకు మండుతుంది. వీటి దుర్వినియోగం ఎంత పెరిగిందంటే.. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. ఇలాంటి క్రీము రాస్తున్న ముఖం మీద లేజర్ వేస్తే కోలుకోవడం కష్టం. 'అది మందు కాదు, ఉత్త ఫెయిర్‌నెస్ క్రీమే కదా' అని చెప్పకుండా వదిలేయొద్దు. ట్యూబ్ ఫొటో తీసి డాక్టర్‌కు చూపించండి.

ఐసోట్రెటినోయిన్ ఒక్కటే కాదు.. ఈ మందులూ చెప్పాలి

• డాక్సీసైక్లిన్: మొటిమలకు తరచుగా రాసే యాంటీబయాటిక్. ఇది వాడేటప్పుడు చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. లేజర్ తర్వాత ఎండ తగలకుండా ఇంకా ఎక్కువ జాగ్రత్త పడాలి. అన్నట్టు.. డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినోయిన్ రెండూ కలిపి వాడకూడదు. తలలో ఒత్తిడి పెరిగి తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం రావచ్చు. ఇద్దరు డాక్టర్ల దగ్గర చూపించుకునేవాళ్లు ఈ విషయంలో జాగ్రత్తగా ఉండాలి.
• అడాపలీన్, ట్రెటినోయిన్, బెంజాయిల్ పెరాక్సైడ్, గ్లైకాలిక్ యాసిడ్ పూతమందులు: ఇవి చర్మాన్ని సున్నితం చేస్తాయి. లేజర్‌కు కొన్ని రోజుల ముందు ఆపమంటారు. ఎన్ని రోజులన్నది డాక్టర్ చెబుతారు.
• రక్తం పలచబరిచే మాత్రలు: మచ్చ కింద సూదితో తీగల్ని తెంపే సబ్‌సిషన్ లాంటివి లేజర్‌తో పాటు చేసేటప్పుడు రక్తస్రావం, కమిలిన గుర్తులు ఎక్కువవుతాయి. గుండె కోసం వాడుతున్న మాత్రల్ని మీ అంతట మీరు ఆపొద్దు. రాసిన డాక్టర్‌ను అడగాలి.
• స్టెరాయిడ్ మాత్రలు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, అదుపులో లేని షుగర్: గాయం ఆలస్యంగా మానుతుంది. ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.
• పెదాల దగ్గర తరచూ నీటి పొక్కులు వచ్చే అలవాటు ఉంటే: అది హెర్పిస్ కావచ్చు. లేజర్ వేడికి అది మళ్లీ రేగి ముఖమంతా పాకే ప్రమాదం ఉంది. ముందే చెబితే నివారణ మాత్రలు ఇస్తారు.

మత్తు క్రీము గురించి కూడా ఒక మాట. నొప్పి తెలియకుండా లేజర్‌కు ముందు రాసే క్రీములో లిడోకెయిన్ లాంటి మందు ఉంటుంది. ఎక్కువ భాగంలో, మందంగా, ఎక్కువసేపు రాస్తే అది రక్తంలో కలిసి ప్రమాదం తెస్తుంది. 'ఇంటి దగ్గరే రాసుకుని రండి, టైమ్ కలిసొస్తుంది' అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. క్లినిక్‌లోనే, వాళ్ల కళ్లెదుటే రాయించుకోండి.

పెళ్లి తేదీ దగ్గర పడింది.. ఇప్పుడెలా?

లేజర్ క్లినిక్‌కు వెళ్లేవాళ్లలో పెళ్లి కుదిరినవాళ్లూ ఉంటారు. ఉదాహరణకు ఒక అమ్మాయి అనుకుందాం. ముహూర్తం ఇంకా రెండు నెలలే. ఐసోట్రెటినోయిన్ వాడుతోంది. 'మాత్రల సంగతి చెబితే లేజర్ చేయరేమో' అని క్లినిక్‌లో ఆ మాట ఎత్తదు. వాళ్లూ అడగరు. పొడిబారి ఉన్న చర్మం మీద మామూలు పవర్‌తో లేజర్ పడుతుంది. నాలుగైదు రోజుల్లో మానాల్సింది పది రోజులైనా ఎర్రగానే ఉంటుంది. ఈలోగా ఇంట్లో పెళ్లి పనులు, ఎండలో షాపింగ్, ఆపైన నలుగు. పసుపు, సున్నిపిండి కలిపి చెంపల మీద రుద్దుతారు. మానీమానని చర్మం మళ్లీ చీరుకుపోతుంది. పెళ్లి ఫొటోల్లో గుంటలకు బదులు నల్లటి మరకలు కనిపిస్తాయి.

ఇందులో ఏ ఒక్కరూ చెడు చేయాలనుకోలేదు. ఒక్క మాట దాచడం, ఒక్క ప్రశ్న అడగకపోవడం.. అంతే.

కాబట్టి పెళ్లి ఉంటే లెక్క వెనక నుంచి వేసుకోవాలి. మచ్చలకు సాధారణంగా మూడు నుంచి ఆరు సిట్టింగులు కావాలి. ఒక్కోదానికీ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు వారాల విరామం. చివరి సిట్టింగ్ తర్వాత కూడా కొల్లాజెన్ ఏర్పడటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అంటే పూర్తి ఫలితం కావాలంటే దాదాపు ఏడాది ముందే మొదలుపెట్టాలి. రెండు నెలలే ఉంటే గట్టి లేజర్ జోలికి వెళ్లకపోవడమే మేలు. ఆ రోజుకు మంచి మేకప్ ఆర్టిస్టు చాలు. లేజర్ పెళ్లయ్యాక కూడా చేయించుకోవచ్చు. తప్పనిసరై చేయించుకుంటే, నలుగు పెట్టే అత్తయ్యలకు, పిన్నిలకు ముందే చెప్పండి.. ముఖం వదిలేసి చేతులకు, కాళ్లకు పెట్టమని.

పెళ్లి కుదిరిన అమ్మాయిలు ఇంకో విషయం మర్చిపోకూడదు. ఐసోట్రెటినోయిన్ వాడుతూ గర్భం దాలిస్తే బిడ్డకు తీవ్రమైన పుట్టుక లోపాలు వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. మందు ఆపాక కూడా కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి. లేజర్ కంటే ముందు డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయం ఇది. సిగ్గుపడి ఊరుకోవద్దు. అలాగే ఈ మందు వాడుతున్నవాళ్లు, ఆపి నెల దాటనివాళ్లు ఎవరైనా సరే రక్తదానం చేయకూడదు. ఆ రక్తం గర్భిణికి ఎక్కించే అవకాశం ఉంటుంది కదా.

క్లినిక్‌లో ఈ ప్రశ్నలు అడగండి

• లేజర్ వేసేది ఎవరు? చర్మవ్యాధుల్లో పీజీ చేసిన డాక్టరా, లేక టెక్నీషియనా? డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి తెలుసుకోవచ్చు.
• వాడే లేజర్ పేరేమిటి? ఫ్రాక్షనలా, కాదా?
• నా మచ్చలు ఏ రకం? లేజర్ ఒక్కటే సరిపోతుందా?
• నేను వాడే మాత్రలతో ఇబ్బంది ఉందా? ఎందుకు ఉంది, లేదా ఎందుకు లేదు?
• మొత్తం ఎన్ని సిట్టింగులు, మొత్తం ఖర్చు ఎంత? (ఒక్క సిట్టింగ్ రేటు చూసి మోసపోవద్దు.)
• సమస్య వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

'మాత్రలు ఏమైనా వాడుతున్నారా?' అని మిమ్మల్ని అడగకుండానే బిల్లు చేతిలో పెట్టే చోటు నుంచి నిశ్శబ్దంగా లేచి వచ్చేయండి.

లేజర్ తర్వాత మొదటి వారమే కీలకం

మొదటి రెండు మూడు రోజులు ఎర్రదనం, వాపు, ఎండలో కాలినట్టు మంట ఉండటం మామూలే. తర్వాత గోధుమ రంగు సన్నని చెక్కులు కడతాయి. అవి వాటంతటవే రాలిపోతాయి. గోకొద్దు, గిల్లొద్దు. డాక్టర్ చెప్పిన ఆయింట్‌మెంట్ లేదా పెట్రోలియం జెల్లీ రాస్తూ చర్మాన్ని తడిగా ఉంచాలి. చెక్కులు రాలాక కనీసం ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ రాయాలి. బైక్ మీద వెళ్లేవాళ్లు హెల్మెట్‌తో పాటు మెత్తటి కాటన్ గుడ్డ కూడా కట్టుకోవాలి. నిమ్మరసం, టూత్‌పేస్ట్, స్క్రబ్బులు, సున్నిపిండి.. ఇవేవీ ముఖం దగ్గరికి రానివ్వొద్దు.

ఈ లక్షణాలు కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే డాక్టర్‌ను కలవండి: తగ్గాల్సిన నొప్పి రోజురోజుకూ పెరగడం, చీము, జ్వరం, గుంపులుగా నీటి పొక్కులు, వారం దాటినా మానని పచ్చి పుండు, లేదా మానిన చోట చర్మం గట్టిపడి ఉబ్బడం. ఉబ్బును తొలి రోజుల్లోనే గుర్తిస్తే ఇంజెక్షన్లతో, సిలికాన్ జెల్‌తో చాలావరకు అదుపు చేయొచ్చు. నెలలు గడిచాక వెళితే కష్టం.

చివరగా.. ఎంత తగ్గుతుంది?

నిజం చెప్పాలంటే గుంటలు నూటికి నూరు శాతం మాయం కావు. లోతు తగ్గుతుంది, అంచులు మెత్తబడతాయి, నీడ పలచబడుతుంది. పక్క వెలుతురులో కూడా ముందున్నంత కొట్టొచ్చినట్టు కనిపించవు. ఐస్ పిక్ గుంటలకు లేజర్ ఒక్కటే సరిపోదు. వాటిలో గాఢమైన ఆమ్లాన్ని చుక్కగా వేసే పద్ధతి ఇంకా బాగా పనిచేస్తుంది. రోలింగ్ మచ్చలకు ముందు సబ్‌సిషన్ చేసి తర్వాత లేజర్ వేస్తారు. మచ్చను బట్టి చికిత్స మారుతుంది. అందరికీ ఒకే ప్యాకేజీ అంటే అనుమానించాల్సిందే.

అన్నిటికంటే చవకైన చికిత్స ఒకటుంది. గుంట పడకముందే మొటిమకు వైద్యం చేయించుకోవడం. 'వయసొచ్చాక అవే పోతాయిలే' అని పిల్లల్ని ఊరుకోబెట్టకండి. పెద్ద పెద్ద గడ్డల్లా మొటిమలు వస్తుంటే, ఇంట్లో పెద్దవాళ్లకు మచ్చలు ఉంటే.. పదిహేనేళ్లకైనా సరే స్కిన్ డాక్టర్‌కు చూపించండి. ఇప్పటికే గుంటలు పడ్డవాళ్లు దిగులు పడాల్సిన పని లేదు. దారి ఉంది. కాకపోతే ఆ దారి మీరు వాడే ప్రతి మాత్ర పేరు, ప్రతి క్రీము పేరు డాక్టర్ ముందు పెట్టడంతోనే మొదలవుతుంది. రేపు క్లినిక్‌కు వెళ్లేటప్పుడు ఫోన్ ఒక్కటే కాదు.. ఆ మాత్రల షీటు కూడా బ్యాగులో పెట్టుకోండి.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఒక్కొక్కరి చర్మం, ఆరోగ్య పరిస్థితి ఒక్కోలా ఉంటాయి. మందులు మొదలుపెట్టడం, ఆపడం, లేజర్ చేయించుకోవడం వంటి నిర్ణయాలు చర్మవైద్య నిపుణుల సలహా మేరకే తీసుకోండి.)